పది నిమిషాల వంట

ఆ ఎండాకాలం మా నాయిన మా ఇంట్లో నలభై ఒక్క రోజులున్నడు. నాకు ఊహ తెలిసినంక ఆయన నాతోని అన్ని రోజులు ఒక్కచోట ఉండుడు అదే మొదలు. మళ్ళీ గట్ల ఉండలేదు.

రెండువేల ఆరు, ఏప్రిల్ చివరి వారం. అప్పుడు మేము ఖమ్మం ఖానాపురం హవేలిలో ఒక ఇంటి కింది పోర్షన్‌లో కిరాయికుంటున్నం. నేను ఒక ప్రైవేటు స్కూల్లో నాలుగో తరగతి టీచరును. మా ఆయన షాలేమ్‌రాజు మందుల ఏజెన్సీలో సేల్స్‌మన్. మా పాప ఏంజెల్‌కు ఎనిమిదేండ్లు.

నాయిన పేరు ఆంథోని. అస్సాం అవతలి కొండల్లో రోడ్లు వేసే కంపెనీ క్యాంపుల్లో ఇరవై మూడేండ్లు వంట చేసిండు. క్రిస్మస్‌కు వచ్చి పది రోజులుండి పోయేటోడు. మా ఊరు దమ్మపేటలో మా అమ్మ ముత్యాలమ్మ చనిపోయినప్పుడు ఆయన వచ్చేసరికి మూడో రోజయ్యింది. మట్టి పోసుడు కూడా అందలేదు. మోకాలు అరిగి మెట్లెక్కలేకపోతున్నడని కంపెనీవాళ్ళు పంపించేస్తే, ఒక రేకు పెట్టె, ఒక పెద్ద ఇనుప కడాయి పట్టుకొని ఖమ్మం స్టేషన్‌లో దిగిండు. దమ్మపేటలో ఇంటి కప్పు కూలిపోయి ఉంది. వానల్లోపల కప్పు వేయించుకొని పోతనన్నడు. నేను సరే అన్న.

మొదటి వారం ఆయనకు ఏం చేయాలో తెలియలేదు. వరండాలో కుర్చీ వేసుకొని కూర్చునేటోడు. నేను బయటికి పోతుంటే లేచి నిలబడేటోడు, వచ్చేటప్పుడు కూడా లేచేటోడు. "కూసో నాయినా" అంటే, "అవ్, అవ్" అని కూర్చునేటోడు. మా ఇద్దరికీ మాట్లాడుకునుడు అలవాటు లేదు. ఏంజెల్ మాత్రం రెండో రోజే ఆయన ఒళ్ళో ఎక్కి కూర్చుంది.

మే నెలలో మా స్కూలు వాళ్ళు టీచర్లను అడ్మిషన్ల కోసం ఇల్లిల్లూ తిప్పుతరు. ఒక మధ్యాహ్నం ఎండలో తిరిగి తిరిగి, తల పగిలిపోతుంటే ఇంటికొచ్చిన. గడపలోనే వెల్లుల్లి వాసన. ఏంజెల్ గిన్నె పట్టుకొని, మూతి చుట్టూ నల్లగా పూసుకొని ఎదురొచ్చింది.

"అమ్మా, తాతయ్య నూడుల్స్ చేసిండు! ప్యాకెట్‌వి కాదు, నిజంవి!"

నాయిన వంటింట్లో నిలబడి ఉన్నడు. తప్పు చేసి దొరికినట్టు చూసిండు.

"పిల్ల ఆకలైతుందన్నది. గాంధీచౌక్ దాకా పోయి పట్కొచ్చిన" అన్నడు. "నీకు చేస్త, కూసో. పది నిమిషాలు."

నిజంగానే పది నిమిషాలు. నూడుల్స్ ఉడికించి చల్లనీళ్ళలో తీసి పెట్టుకున్నడు. కడాయి కాలి పొగ లేచేదాకా ఆగిండు. వెల్లుల్లి, క్యాబేజీ, క్యారట్, ఉల్లికాడలు, ఒక దాని తర్వాత ఒకటి పడ్డయి. కడాయిని ఒక చేత్తో ఎగరేస్తుంటే ఆయన మోకాలి సంగతి, వయసు సంగతి ఏదీ గుర్తురాలేదు నాకు. మంట కడాయి అంచు దాటి లేస్తుంటే నేను వెనక్కి జరిగిన.

"మంటంటే భయపడితే ఇది కాదు బిడ్డా" అన్నడు నవ్వుకుంట.

ప్లేటు నా చేతికిచ్చి, ఒక స్టీలు డబ్బా తీసుకొని అందులో ఇంత పెట్టిండు. "పైనోళ్ళకు" అన్నడు.

పైన ఉండేది ఇంటి ఓనర్లు. వెంకటరామారావు సార్ రిటైరైన ఆఫీసరు, ఆయన భార్య భవాని గారు. మధిర వైపు వాళ్ళు. ఆమెను నేను పిన్నిగారూ అని పిలిచేదాన్ని. ఆమెతో మాట్లాడేటప్పుడు నా భాష కూడా మారిపోయేది, వస్తన్న, పోతన్న అనేదాన్ని వస్తానండీ, వెళ్తానండీ అనేదాన్ని.

"వద్దు నాయినా. వాళ్ళు మనింట్లది తినరు" అన్న.

"తినకపోతే పారేస్తరు. క్యాంపుల పొయ్యి మీద ఏది దిగినా ముందుగాల పక్క టెంటుకు ఒక గిన్నె పోవాలె. లేకపోతే నాకు ముద్ద దిగదు." డబ్బా ఏంజెల్ చేతిలో పెట్టిండు. "జారకుండ పట్కపో."

ఆ డబ్బా సాయంత్రం తిరిగొచ్చింది, నాలుగు మామిడికాయలతో. వెనకాలే పిన్నిగారు కూడా దిగొచ్చిన్రు.

"మీ నాన్నగారి చేతిలో ఏదో ఉందమ్మా రూతూ. ఈయన ఎప్పుడూ సగం ప్లేటు వదిలేసే మనిషి, ఇవాళ డబ్బా నాకేశారు."

రెండేండ్లలో ఆమె మా వంట ముట్టుడు అదే మొదలు. ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో ఇప్పుడు చెప్తుంటే సిగ్గయితది. అప్పటినుంచి వారానికి రెండుసార్లన్నా డబ్బా పైకి పోయేది. గుడ్డు కూడా లేకుండా వాళ్ళకు వేరేగా తీసేటోడు నాయిన. ఏంజెల్ పట్టుకపోయేది. పిన్నిగారు మా వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఆ నల్ల సాస్ ఎప్పుడు పొయ్యాలి పెద్దాయనా" అని అడిగేటోళ్ళు. "ఆఖర్న, కడాయి అంచు మీంచి పొయ్యాలమ్మా. నడుమల పోస్తే నీళ్ళయితది" అని నాయిన ఎంతో మర్యాదగా చెప్పేటోడు.

ఈ ఇల్లు మాకు ఊరికే దొరకలేదు. పదకొండిండ్లు తిరిగినం. పేరడిగి, చర్చి ఏదని అడిగి, ఊళ్ళో ఇల్లు ఏ పక్కన అని అడిగి, ఆఖరికి మా చుట్టాలొస్తున్నరమ్మా అని పంపించేటోళ్ళు. పిన్నిగారు మాత్రం ముఖం మీదనే చెప్పిన్రు. "మీరు చర్చికెళ్ళే వాళ్ళయితే మాకేం అభ్యంతరం లేదు. కోడి వండుకోండి, చేపలు వండుకోండి. ఆ పెద్ద మాంసం మాత్రం గడప దాటి రాకూడదు. పూజలు చేసుకునే ఇల్లు."

"అయ్యో, మాకసలు ఆ అలవాటే లేదు పిన్నిగారూ" అన్న నేను.

తేనని చెప్తే సరిపోయేది. తిననని కూడా చెప్పిన. మా ఇంట్లో ఆదివారమంటేనే పెద్దకూర. మా అమ్మ చింతచిగురు వేసి వండితే మా వాడకట్టంతా వచ్చి అడిగేది. ఈ ఇంటికొచ్చినంక రెండేండ్లు, తినాలనిపిస్తే ఆడబిడ్డ ఇంటికి పోయి తినొచ్చినం. వచ్చేముందు అక్కడే సబ్బు పెట్టి చేతులు కడుక్కునేదాన్ని.

జూన్ మొదటి వారంలో ఒక సాయంత్రం వరండాలో కూర్చున్నం. కరెంటు పోయింది. షాలేమ్‌రాజు బనీను విసురుకుంట మెట్ల మీద కూర్చున్నడు. అప్పటికి నాయినతో నాకు కొంచెం మాట్లాడుడు అలవాటైంది. ఆయనకు కూడా.

"అక్కడ కొండ మీద బస్సాగేకాడ ఒక అవ్వ ఉండేది" అన్నడు. "చిన్న కట్టె పొయ్యి. పెద్దకూర ఉల్లిపొర లెక్క కోసి, నూడుల్స్‌ల వేసి ఇచ్చేది. చలికి వేళ్ళు వంగకపోయేటియి, అది తింటే పానం లేచొచ్చేది. ఆమెతోనే నేర్సుకున్న. తిన్నప్పుడల్లా అనుకునేటోన్ని, ఈసారి పోయినప్పుడు ముత్యాలుకు చేసి పెట్టాలె అని. క్రిస్మస్‌కొస్తె ఇంటినిండ జనం, పలావులు. పోయినయి పది రోజులు. మళ్ళొచ్చే యేడు అనుకునుడు."

నాయిన నా వైపు తిరిగిండు.

"నీకన్నా ఒక్కసారి చేసి పెట్టాల్నని ఉంది బిడ్డా."

నేను పైకి చూసిన. పైన వాళ్ళ కిటికీ తెరిచి ఉంది.

"ఈ ఇంట్ల వద్దు నాయినా. నీకు చెప్పిన కద."

"కుక్కర్ల పెడితే గల్లీ మొత్తం తెలుస్తది. ఇది గట్ల కాదు. సన్నగ కోస్తే పెద్ద మంట మీద రెండే నిమిషాలు. వెల్లుల్లి, సోయా వాసన తప్ప ఇంకోటి రాదు. రోజూ వచ్చేదే కద."

"చెయ్యనియ్యి రూతూ" అన్నడు షాలేమ్‌రాజు. "దొంగతనం చేస్తున్నమా ఏంది."

నేను ఒప్పుకున్న. ఈ సంగతి గట్టిగ చెప్పాలె, ఎందుకంటే తర్వాత నేను దీన్ని మరిచిపోయినట్టు ఉన్న. "శనివారం ఏడింటికి చెయ్యి. ఆ టైంకు పిన్నిగారు సీరియల్ చూస్తది, కిందికి రాదు. జల్దీ అయిపోవాలె" అన్నది నేనే. టైము కూడా నేనే చెప్పిన.

శనివారం పొద్దున నాయిన కిల్లా పక్కన దుకాణానికి పోయి టిఫిన్ డబ్బాలో పెద్దకూర పట్టుకొచ్చిండు. పైన రెండు కట్టలు ఉల్లికాడలు కప్పుకొని వచ్చిండు. ఫ్రిజ్‌లో గంటసేపు పెట్టి గట్టిపడ్డంక తీసి కోసిండు. నన్ను పక్కన నిలబెట్టుకొని నేర్పిండు. "ఇగో, ఈ నరం ఇట్ల పోతున్నది కద. దానికి అడ్డంగ కొయ్యాలె. నిలువుగ కోస్తే తోలు లెక్క సాగుతది." పచ్చి బొప్పాయి ముక్క నూరి, మిరియాలు, సోయా, చెంచెడు మక్కపిండి కలిపి పట్టించిండు. ఒక ముక్క ఎత్తి బల్బుకు అడ్డం పెట్టి చూపించిండు. వెలుతురు కనిపించింది. నేను కోసిన ముక్కలు మందంగా వచ్చినయి. వాటిని ఏమనకుండా పక్కకు తీసి మళ్ళీ తనే సన్నగా కోసుకున్నడు.

ఏడింటికి పైన సీరియల్ పాట వినిపించంగానే పొయ్యి ముట్టించిండు. నేను కిటికీ మూసిన. కడాయి పొగలేసింది. కూర వేస్తే ఒక్కసారిగా మొత్తుకున్నట్టు చప్పుడు. రెండు నిమిషాలు కాంగనే కూర తీసి పక్కన పెట్టి, అదే నూనెలో అల్లం, వెల్లుల్లి, మిరపకాయలు, నూడుల్స్, అంచు మీదుగా సోయా, మళ్ళీ కూర, మీద ఉల్లికాడలు. పొయ్యి బంద్ చేసిండు.

"అయిపోయింది. చూసినవా, వాసనొచ్చిందా?"

రాలేదు. నేను కిటికీ తెరిచిన.

నలుగురం కింద చాప మీద కూర్చున్నం. ఏంజెల్‌కు ముందు పెట్టి, తర్వాత మాకు పెట్టిండు నాయిన. ఆ రుచి నేను సరిగ్గా చెప్పలేను. కూర మెత్తగా, చివర కొంచెం మాడి, తీయగా, కారంగా ఉంది. మా అమ్మ వండేదానికి దీనికి పోలికే లేదు. కానీ అదే కూర. రెండేండ్ల తర్వాత నా ఇంట్లో, నా ప్లేటులో. షాలేమ్‌రాజు మాట్లాడకుండా రెండోసారి పెట్టుకున్నడు.

"అమ్మకు నచ్చేదా నాయినా?"

"మీ అమ్మకా?" నాయిన ఆలోచించిండు. "కారం చాలలేదనేది. చింతచిగురెయ్యరాదు అనేది."

నాకు నవ్వాగలేదు. ఆయన కూడా నవ్విండు, కండ్లలో నీళ్ళొచ్చేదాకా. నేను మా నాయినతో కలిసి నవ్వుడు అదొక్కసారే గుర్తుంది. నవ్వుకుంటనే పక్కకు చూసిన.

ఏంజెల్ లేదు. దాని ప్లేటు ఖాళీగా ఉంది. తలుపు తెరిచి ఉంది. వంటింట్లో గట్టు మీద ఎప్పుడూ ఉండే స్టీలు డబ్బా లేదు.

చెయ్యి కడుక్కోకుండనే ఉరికిన. పద్దెనిమిది మెట్లు. పైన హాల్లో పిన్నిగారు టీవీ ముందు కుర్చీలో కూర్చొని ఉన్నరు. ఒళ్ళో డబ్బా మూత తీసి ఉంది. స్పూనుకు నూడుల్స్ చుట్టి నోటి దగ్గరికి పట్టుకొని, "ఇవాళేంటే కొత్త రకంగా ఉంది" అని ఏంజెల్‌ను అడుగుతున్నరు.

"తినకండి!" అని అరిచిన.

ఆమె స్పూను ఆగిపోయింది. "ఏమైందమ్మా? ఏమన్నా పడిందా?"

ఆమె నా ముఖం చూసిన్రు, నా చేతిని చూసిన్రు, డబ్బాలోకి చూసిన్రు. స్పూనుతో ఒకసారి కదిపిన్రు. డబ్బాను చాలా మెల్లగా నేల మీద పెట్టి, చీర కొంగు దగ్గరికి లాక్కొని లేచి నిలబడ్డరు. సార్ లోపలి గదిలోంచి వచ్చి, "ఏంటి భవానీ" అన్నరు.

మెట్ల మీద నాయిన ఎక్కుతున్న చప్పుడు వినిపించింది. ఒక కాలు వేసి, ఆగి, రెండోది పక్కకు తెచ్చుకొని ఎక్కుతున్నడు. పద్దెనిమిది మెట్లూ గట్లనే. అంతసేపు నాకు మాట్లాడే టైముంది. మేం తెచ్చుకున్నం, తప్పయింది, మీకు చెప్పిన మాట తప్పినం అని చెప్పొచ్చు. నేను ఆయన వచ్చేదాకా ఆగిన.

ఆయన గుమ్మం బయటే నిలబడ్డడు. కింద డబ్బాను చూసి, చేతులు జోడించిండు.

"తప్పు నాదమ్మా. నేనే తెచ్చిన. కొండల్ల ఉండి ఉండి పాడు అలవాటయ్యింది. వీళ్ళకు తెల్వదు. మటనని చెప్పిన. వీళ్ళు తినరు తల్లీ."

పిన్నిగారు నా వైపు తిరిగిన్రు. ఆమె బాధ అబద్ధం కాదు, నాకు ఇప్పటికీ తెలుసు.

"నిజంగా నీకు తెలియదా రూతూ?"

"తెలియదండీ" అన్న.

ఏంజెల్ తలెత్తి నన్ను చూసింది. దాని మూతికి ఇంకా నల్లగా అంటుకొని ఉంది. నాయిన వంగి, మోకాలు పట్టుకొని, నేల మీది డబ్బా తీసుకున్నడు. "ఇది నేను తీస్కపోతనమ్మా" అన్నడు. ఇంకో చేత్తో పిల్ల చెయ్యి పట్టుకొని మెట్లు దిగిండు. నేను అక్కడే నిలబడి పిన్నిగారికి క్షమాపణలు చెప్పిన. మా నాయిన తరఫున చెప్పిన.

కిందికొచ్చేసరికి ఆయన కడాయి తోముతున్నడు. ఏంజెల్ నా కొంగు పట్టుకుంది.

"అమ్మా, నువ్వు కూడా తిన్నవ్ కద?"

"పెద్దోళ్ళ మాటల్లోకి రాకు" అన్న.

నల్లా కింద కడాయి చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

తెల్లారి సార్ కిందికొచ్చిన్రు. కోప్పడలేదు. "ఆవిడ రాత్రంతా ఏడ్చిందమ్మా. నాలుగు బిందెల నీళ్ళు తల మీద పోసుకుంది. మిమ్మల్నేమీ అనడం లేదు, మీకు తెలియనిదానికి మీరేం చేస్తారు. పెద్దాయన్ని మాత్రం ఊరికి పంపించండి" అన్నరు. నాయిన వరండాలోనే ఉన్నడు. సార్‌ను చూసి లేచి నిలబడ్డడు. సార్ ఆయన వైపు చూడకుండనే మెట్లెక్కిపోయిన్రు.

వంటింట్లో షాలేమ్‌రాజు గొంతు తగ్గించి నాతో కొట్లాడిండు.

"మామను ఎట్ల పంపిస్తవ్? అందరం తిన్నం. ఇల్లు ఖాళీ చేద్దాం పా. ఒక నెల నా చెల్లె ఇంట్ల ఉందం."

"సోమవారం స్కూలు తెరుస్తరు. పదకొండిండ్లు తిరిగినం, మరిచిపోయినవా? మళ్ళా ఆ ప్రశ్నలన్నిటికి నేను జవాబు చెప్పాల్నా?"

"అడిగినోళ్ళకు చెప్దాం. ఏమైతది?"

"నీకేమైతది, నువ్వు పొద్దున పోతే రాత్రికొస్తవ్. గడప గడపకూ పోయి తలొంచుకొని వచ్చింది నేను" అన్న.

గోడ అవతల నాయినకు వినిపిస్తదని నాకు తెలుసు. మేము బయటికొచ్చేసరికి రేకు పెట్టె మీద కడాయి బోర్లించి తాడు కట్టి ఉంది.

"దమ్మపేటల కప్పు పని చూసుకోవాలె. ఎట్లయినా పోయేటోన్నే" అన్నడు.

షాలేమ్‌రాజు రాలేదు, నా మీద కోపంతో. షేర్ ఆటోలో నేనే బస్టాండుకు తీసుకపోయిన. ఆటోలో మా ఇద్దరి నడుమ ఎవరో ఒకామె కూర్చుంది. బస్టాండులో ఆయన దమ్మపేట బస్సు దగ్గరికి పోలేదు. భద్రాచలం బస్సు దగ్గర ఆగిండు.

"పర్ణశాల అవతల అడవి పక్కన ఒక హాస్టలుందట. వంటాయన కావాలన్నరని మొన్న చర్చిల ఫాదరు చెప్పిండు. అడిగి చూస్త" అన్నడు.

"మోకాలు నొప్పి కద నాయినా."

"పొయ్యి కాడ నిలబడేదానికి ఏం కాదు."

కిటికీ పక్కన కూర్చున్నడు. డ్రైవరు ఇంకా రాలేదు. నేను కింద నిలబడి ఉన్న. పది పదిహేను నిమిషాలు ఆగింది ఆ బస్సు. నా నోట్లో ఒక మాట ఉంది. దిగు నాయినా, ఇంటికి పోదాం అన్న మాట. చిన్నదే.

"నీళ్ళ బాటిల్ పెట్టుకున్నవా?" అన్న.

"అవ్ బిడ్డా, పెట్టుకున్న." తర్వాత ఆయనే అన్నడు. "ఇల్లు దొర్కుడు కష్టం. నువ్వేం మనసుల పెట్టుకోకు."

బస్సు కదిలింది. నాకు ఏడుపు రాలేదు. తిరిగొచ్చేటప్పుడు ఏంజెల్ నోట్‌బుక్కులకు అట్టలు కొనుక్కొని వచ్చిన.

పిన్నిగారు నెల రోజుల తర్వాత మళ్ళీ మామూలుగ మాట్లాడిన్రు. ఇంకా ఎక్కువ ప్రేమగా చూసిన్రు, పాపం, తండ్రి వల్ల ఇబ్బంది పడిందని. ఆవకాయ పెట్టినప్పుడు ఒక జాడీ మాకు పంపిన్రు. నేను తీసుకున్న. ఆ ఇంట్లో ఇంకో మూడేండ్లున్నం.

ఆ సంవత్సరం దసరా సెలవుల్లో ఏంజెల్‌ను తీసుకొని హాస్టలుకు పోయిన. పర్ణశాలలో బస్సు దిగి, గోదావరి పక్క నుంచి ఆటోలో అడవిలోకి పోవాలె. అరవై మంది కోయ పిల్లలు. నాయిన పెద్ద గుండిగ ముందు నిలబడి గరిటె తిప్పుతుంటే చుట్టూ మూగి వాళ్ళ భాషలో ఏదో అడుగుతున్నరు. ఆయన వచ్చీరాని మాటలు కలిపి నవ్విస్తున్నడు. ఏంజెల్ ఉరికి పోయి నడుము పట్టుకుంది. మాకు అన్నం, పప్పు, గుడ్డు పెట్టిండు. తిన్నంక నేను పక్కకు పోయి, "నాయినా, ఆ రోజు..." అన్న.

"పిలగాండ్లకు ఆలస్యమైతున్నది" అని గిన్నెలు ఎత్తుకొని లోపలికి పోయిండు. కోపంగా అనలేదు. నిజంగానే ఆలస్యమవుతున్నది.

రెండువేల తొమ్మిది నవంబరులో రెండు గదుల సొంత ఇల్లు కట్టుకున్నం, బైపాసు అవతల. ప్రార్థన పెట్టుకున్నం. నాయిన కొత్త చొక్కా వేసుకొని వచ్చిండు, బాగా చిక్కిపోయిండు. జనమంతా పోయినంక నేను కిల్లా పక్కన దుకాణం నుంచి కూర తెప్పించి ఫ్రిజ్‌లో పెట్టిన. నూడుల్స్, సోయా, ఉల్లికాడలు అన్నీ గట్టు మీద వరుసగా పెట్టిన. ఇది మన ఇల్లు నాయినా, కిటికీ మూసే పనిలేదు అని చెప్పాలని మనసులో అనుకుంటున్న.

"నాయినా, చెయ్యరాదు. నేను కోసిస్త."

ఆయన హాల్లో కుర్చీలోనే ఉన్నడు. "కండ్లు ఆనుతలేవు. చెయ్యి కూడ ఒణుకుతున్నది. ఉన్నదేదో తింట" అన్నడు.

హాస్టల్లో అరవై మందికి పొద్దున మాపు ఆయనే వండుతున్నడని నాకు తెలుసు. బలవంతం చెయ్యలేదు. నేనే వండిన. ముక్కలు మందంగా వచ్చినయి, సోయా నడుమల పోసిన, నీళ్ళయింది. ఏంజెల్ సగం తిని వదిలేసింది. ఆయన ప్లేటంతా ఊడ్చి తిని, "మంచిగున్నది" అన్నడు.

సాయంత్రం నేను వంటింట్లో గిన్నెలు సర్దుకుంటున్న. వెనక చప్పుడైతే తిరిగి చూసిన. నాయిన గడప అవతల నిలబడి ఉన్నడు. గడప మీద కూడా కాలు పెట్టలేదు. ఇరవై మూడేండ్లు ఆఫీసర్ల క్వార్టర్ల ముందు నిలబడ్డ మనిషి నిలబడే తీరులో, చేతులు ముందుకు కట్టుకొని ఉన్నడు.

"అమ్మా, కొంచెం మంచినీళ్ళిస్తరా?" అన్నడు.

బిడ్డా అనలేదు. ఇస్తవా అనలేదు. అలవాటులో వచ్చిన మాటో, నన్ను చూసే అన్న మాటో నాకు తెలియదు. నేను రూతును నాయినా, లోపలికి రా అనాలె. గ్లాసు కడిగి, నిండుగా పోసి, గడప దాటించి చేతికిచ్చిన. ఆయన రెండు చేతులతో అందుకున్నడు.